వానపాములు వద్దన్న గులాబీలు

మా వదిన మెల్చోరా
పద్నాలుగేళ్ళు ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు కోసింది.
నేనింకా కోస్తున్నాను.
ఫిబ్రవరి ముందు మాకు రాత్రిళ్ళుండవు.
ఎక్కడో ఎవరో ఎవరినో ప్రేమిస్తారట,
ఆ తేదీకి విమానం నిండాలి.

తెల్లారి నాలుగింటికి బస్సెక్కితే
కయాంబే కొండమీద మంచు ఇంకా నీలంగానే ఉంటుంది.
గేటు లోపల సూపర్‌వైజరు స్కేలు పట్టుకుని నిలబడతాడు.
డెబ్బై సెంటీమీటర్ల కాడ, వంగని మెడ,
ఆకుమీద ఒక్క మచ్చ ఉండకూడదు.
మా చేతులమీది మచ్చల్ని మాత్రం
ఎవరూ లెక్కపెట్టరు.

వదిన మానేసిన ఏడాది
జీతం బాకీ కింద అడిగింది ఒక్కటే,
పారబోసే పూలు.
లారీడు ఇచ్చారు. మెడ వంగినవి, రేకు చిరిగినవి,
జానెడు పొట్టివి.
ఉత్తపుణ్యానికి ఎరువొచ్చిందని మురిసిపోయింది.
పెరట్లో గుట్ట పోసి, నీళ్ళు చిలకరించి,
పొరుగూరినుంచి గిన్నెడు వానపాముల్ని తెచ్చి
నిద్రపోయే పిల్లల్ని దించినట్టు
మెల్లగా దించింది.

మూడోరోజు చూస్తే
అవన్నీ గుట్ట వదిలేసి
గోడవార, ఉత్త రాతిమీద, ఎండిపోయి ఉన్నాయి.
అంతంత గులాబీల పరుపుండగా
రాయే నయమనుకున్నాయి.

ఆ రాత్రి నేను మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.
నాలుగోసారి వాసన చూశాను.

తర్వాత వదిన కంపెనీనేమీ అడగలేదు.
మా వంటింట్లో పొయ్యిపక్కన కూయ్‌లుంటాయి,
ఎలుకకి అన్న, కుందేలికి తమ్ముడు.
కూయ్ కూయ్ అంటాయని పెద్దలు ఆ పేరే పెట్టారు.
పండక్కి కోసుకుతినే జీవాలు.
వాటి కింద పొద్దున్నే ఊడ్చిన పెంటికలు,
అవి తినగా మిగిలిన లూసర్న్ పుల్లలు, పొయ్యి బూడిద,
నల్లబెల్లం కలిపిన నీళ్ళు,
పక్కింటి ఆవు పేడ, అడిగి ఒకసారి, అడక్కుండా రెండుసార్లు.
పొరమీద పొర పేర్చి, పాత గోనెపట్టా కప్పి,
జ్వరం చూసినట్టు చెయ్యి దూర్చి చూసేది.
కాలితే తిరగేసేది.
చల్లారిపోతే తిట్టేది.

"కుళ్ళిందిగా, వేసెయ్" అన్నాను ఒకనాడు.
"కుళ్ళడం వేరు, మాగడం వేరు.
పచ్చిది వేస్తే వేరు మాడుతుంది.
తొందర నీ కంపెనీకి. మట్టికి లేదు."

మొదటేడు కార్నేషన్లు బెత్తెడు లేచి పసుపుబారాయి.
పేనుబంక పట్టింది.
"పేడ తిన్న పువ్వుకి పేడ ధరే" అని
మా అన్న నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు,
విత్తనాల అప్పు తన పేరు మీదే ఉంది.
రెండో ఏడు ఏమైందో నాకు తెలీదు,
ఓవర్‌టైములో ఉన్నాను.

మూడో ఏడు అక్టోబరులో వెళ్తే
డాలియాలు.
బడి గంట కొట్టాక పిల్లల్లా
ఒకటిటు, ఒకటటు.
స్కేలు పెడితే ఒక్కటీ నెగ్గదు.
ఒక పువ్వులోంచి తేనెటీగ బయటికొచ్చింది.
ప్లాస్టిక్ కింద నేనెప్పుడూ చూడనిది.
ఒంటికంటిన పుప్పొడి దులుపుకోకుండానే
పక్క పువ్వులోకి దూరింది.

కీటోనుంచి వచ్చిన వ్యాపారి సగం ధరన్నాడు.
వదిన బేరమాడలేదు. బుట్టలకెత్తి
నవంబరు రెండున ఊరి శ్మశానం గుమ్మంలో కూర్చుంది.
మధ్యాహ్నానికి బుట్టలు ఖాళీ.
పోయినవాళ్ళు స్కేలు తేరంది.

సాయంత్రం మడిలోంచి గుప్పెడు మట్టి తీసి
నా అరచేతిలో పెట్టింది.
నల్లగా, గోరువెచ్చగా, కాఫీపొడిలా.
అందులో ఒకటి కదిలింది.
సన్నగా, ఎర్రగా, తల ఎటో తోక ఎటో తెలియకుండా
వేళ్ళ సందుదాకా వచ్చింది.

నేను ఊపిరి బిగబట్టాను,
నా చేతిమీద ఆగుతుందో, వద్దంటుందో.

సోమవారం బస్సు నాలుగింటికి.